పీసీఓడీ అన్నారు, థైరాయిడ్ అన్నారు: ఏది ముందు చూసుకోవాలి?

ఒడిశాలోని రాయగడ దగ్గర నుంచి ఒకామె అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా మళ్లీ చెప్తున్నాను. వయసు 27, పెళ్లయి రెండేళ్లు, పిల్లలు కావాలి. నెలసరి 45 రోజులకి వస్తుంది, ఒక్కోసారి రెండు నెలలకి. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 64 కిలోలు, పెళ్లయ్యాక బాగా పెరిగారు. గడ్డం మీద, బొడ్డు కింద ముతక వెంట్రుకలు. మెడ వెనక నలుపు. వాళ్లమ్మగారికి షుగర్. స్కాన్ రిపోర్టులో పీసీఓడీ అని రాశారు, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది. రాయగడలో ఒక డాక్టరు థైరాయిడ్ మాత్ర రాశారు, విశాఖలో ఇంకొకరు మూడు నెలలు గర్భనిరోధక పిల్స్ వాడమన్నారు. అత్తగారేమో అన్నం మానేసి మండియా (రాగి) జావ తాగమంటున్నారు. ఇవి రెండు జబ్బులా, ఒకటేనా? జీవితాంతం మందులేనా? పిల్స్ వాడితే పిల్లలు పుట్టరట, నిజమేనా?

నేను పర్లాకిమిడి వైపు ప్రాక్టీసు చేసే ఆడవాళ్ల డాక్టర్ని. ఇలాంటి ఫైలు పట్టుకుని రోజూ ఎవరో ఒకరు వస్తారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: రెండూ వేర్వేరు సమస్యలే, కానీ చాలామందిలో జంటగా కనిపిస్తాయి. మీరు రాసిన లక్షణాల్ని బట్టి నెలసరి ఆలస్యానికి అసలు కారణం పీసీఓఎస్ (మీ రిపోర్టులో పీసీఓడీ అని రాసింది ఇదే) అయి ఉండాలి, థైరాయిడ్ దానికి తోడు. పిల్లలు కావాలంటున్నారు కాబట్టి థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టడం సబబే. పిల్స్ వల్ల గొడ్రాలవడం అనేది అబద్ధం, అయితే పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి ఇప్పుడు పిల్స్ ఎందుకో నాకు అర్థం కాలేదు, ఆ డాక్టర్ని అడగండి. ఇక ఈ రెంటికంటే ముందు నేను అడిగే పరీక్ష మీ ఫైల్లో లేనే లేదు. అది షుగర్ పరీక్ష.

ఎందుకో చెప్తాను.

పీసీఓఎస్ అనేది పేరుకి అండాశయం జబ్బు గానీ, చాలామందిలో దాని వెనకున్నది ఇన్సులిన్ గొడవ. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, దాన్ని కండరాల్లోకి పంపడం ఇన్సులిన్ పని. కొందరికి పుట్టుకతో వచ్చిన తీరు వల్ల, నడుం చుట్టూ కొవ్వు చేరడం వల్ల, కండరాలు ఆ పిలుపుకి సరిగ్గా పలకవు. చెవుడు ఉన్న మనిషిని గట్టిగా పిలిచినట్టు, క్లోమం ఇంకా ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. చెవుడు కండరాలకే, అండాశయానికి కాదు. ఆ కేకంతా దాని చెవిన పడుతుంది. దాంతో అది మగ హార్మోన్లని అవసరానికి మించి తయారుచేస్తుంది. అదే సమయంలో కాలేయం, ఆ మగ హార్మోన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ని తగ్గించేస్తుంది. ఫలితం: గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెత్తిన జుట్టు పల్చబడటం, అండం నెలనెలా పక్వానికి రాకుండా మధ్యలోనే ఆగిపోవడం. అండం విడుదల కాకపోతే నెలసరి వేళకి రాదు.

మెడ వెనక నలుపు అన్నారు చూడండి, నాకు మీ స్కాన్ కంటే అదే ముఖ్యమైన వార్త. అది మురికి కాదు. ఇన్సులిన్ ఎక్కువగా ఉందని చర్మం చెప్తున్న సంగతి. నలుగు పెట్టి, నిమ్మచెక్కతో తోమి, కొందరైతే గరుకు రాయితో రుద్ది మెడంతా పుండు చేసుకుని వస్తారు. ఎంత రుద్దినా పోదు. బరువు, ఇన్సులిన్ తగ్గితే నెమ్మదిగా పలచబడుతుంది.

స్కాన్‌లో నీటి బుడగలు. ఇవి గడ్డలు కావు. పగలవు, క్యాన్సర్ కావు, ఆపరేషన్ చేసి తీయాల్సినవి కావు. ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన అండాల చిన్న చిన్న తిత్తులు, అంతే. 1935లో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఈ జబ్బుని మొదట వర్ణించినప్పుడు అండాశయంలో ఒక ముక్క కోసి తీసేవారు, నెలసరి వచ్చేది కూడా. ఆ రోజుల నాటి ఆపరేషన్ మాట ఇంకా ఊళ్లలో తిరుగుతోంది. ఇప్పుడు మందులతోనే పని జరుగుతుంది.

నిర్ధారణకి ప్రపంచమంతా వాడే లెక్క ఒకటుంది, 2003లో రోటర్‌డామ్‌లో కుదిరింది. మూడింట్లో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు, స్కాన్‌లో ఆ రూపం. పైగా థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. మీకు మొదటి రెండూ కనిపిస్తున్నాయి. అంటే పీసీఓఎస్ అని చెప్పడానికి మీకు స్కాన్ అక్కర్లేదు. ఇంకోవైపు, నెలసరి ఠంచనుగా 28 రోజులకి వచ్చే అమ్మాయికి వేరే దేనికో స్కాన్ తీస్తే అందులో బుడగలు కనిపించాయని పీసీఓడీ ముద్ర వేసి పంపుతున్నారు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో చాలామంది అండాశయాలు అలాగే కనిపిస్తాయి. మరీ ముఖ్యంగా, రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని పిల్లలకి స్కాన్ చూసి పీసీఓఎస్ చెప్పకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. పదహారేళ్ల పిల్లకి "నీకు బుడగలున్నాయి, పెళ్లయ్యాక కష్టం" అని చెప్పి ఇంటిల్లిపాదినీ ఏడిపించడం నాకు ఒళ్లు మండే విషయం.

ఇప్పుడు షుగర్ పరీక్ష. మీకు ఇంకా 27 ఏళ్లే, షుగర్ ఎందుకొస్తుందిలే అనుకోవద్దు. అమ్మగారికి షుగర్, మీ బీఎంఐ 26 దాటింది, మెడ మీద నలుపు. మన భారతీయులకి బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. తెల్లవాళ్ల పట్టికలో చూసుకుంటే కాస్త అధిక బరువే తప్ప ఊబకాయం కాదనిపిస్తుంది. నడుం కొలత 80 సెంటీమీటర్లు దాటినా అదే హెచ్చరిక. టైలరు దగ్గరి టేపు చాలు, బొడ్డు దగ్గర ఊపిరి వదిలాక కొలుచుకోండి.

పొద్దున పరగడుపు షుగర్ ఒక్కటే చేయించుకుంటే పీసీఓఎస్ వాళ్లలో చాలా కేసులు తప్పిపోతాయి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్ష కావాలి. రెండు గంటల విలువ 140 లోపుంటే మామూలు, 140 నుంచి 199 అయితే షుగర్ ముందుదశ, 200 దాటితే షుగర్. పరగడుపున 100 లోపు మామూలు, 126 దాటితే షుగర్.

ఇక్కడ మన చిన్న ఊళ్ల ల్యాబుల్లో జరిగేది చెప్పాలి. "గ్లూకోజ్ ఎందుకమ్మా, ఇడ్లీ తినేసి రా" అంటారు. అది ఈ పరీక్ష కాదు. ఇంకొందరు మెడికల్ షాపులో వంద గ్రాముల గ్లూకోజ్ డబ్బా కొని మొత్తం కలిపి తాగించేస్తారు. 75 గ్రాములు తూచి, ఒక పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి, ఐదు నిమిషాల్లోపు తాగాలి. తర్వాత రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి, బజారు పని చూసుకొచ్చేయడం కుదరదు, నడిస్తే అంకె మారుతుంది. గుణుపురం బండికి వచ్చేవాళ్లు స్టేషన్లో చాయ్ తాగేసి "పరగడుపే డాక్టరమ్మా" అంటారు. చాయ్‌లో చక్కెర ఉంది కదా తల్లీ!

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే సరిపోదా అని అడుగుతారు. మిగతా చోట్ల సరిపోవచ్చు. రాయగడ, కొరాపుట్, గజపతి ప్రాంతాల్లో ఆ అంకెని గుడ్డిగా నమ్మకండి. కారణం సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు. మన కొండ జిల్లాల్లో సికిల్ జన్యువు ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్లలో ఎర్రకణాలు త్వరగా చనిపోతాయి కాబట్టి హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. జబ్బు లేకుండా జన్యువు ఒక్కటే మోస్తున్నవాళ్లలో కూడా కొన్ని యంత్రాలు తప్పు అంకె ఇస్తాయి. దీనికి వ్యతిరేకంగా, ఇనుము తక్కువై రక్తహీనత ఉంటే లేని షుగర్ని ఉన్నట్టు చూపించవచ్చు. మన దగ్గర ఆడవాళ్లలో రక్తం తక్కువ లేనిది ఎవరికి? అందుకే నేను గ్లూకోజ్ తాగించే పరీక్షనే అడుగుతాను. సికిల్ పరీక్ష మీరూ మీ ఆయనా ఎలాగూ చేయించుకోండి, పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి. ఇద్దరిలోనూ జన్యువుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023లో మొదలయ్యాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష సులువైంది.

థైరాయిడ్ సంగతికొస్తాను.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ హార్మోన్ కాదు, థైరాయిడ్‌ని పని చేయమని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. ఆ ఆజ్ఞ పెరిగిందంటే గ్రంథి కాస్త మందగించిందని. మీది 6.8. పది దాటలేదు. ఇలాంటప్పుడు అసలు థైరాయిడ్ హార్మోన్ని కొలిచే ఎఫ్‌టీ4 కూడా చూడాలి. అది మామూలుగా ఉంటే దీన్ని తొలిదశ లోపం అంటాం. జ్వరం వచ్చి తగ్గిన వారాల్లో కూడా టీఎస్‌హెచ్ ఈ మాత్రం పెరిగి, తర్వాత దానంతట అదే దిగిపోతుంది. అందుకే పిల్లల ఆలోచన లేనివాళ్లకయితే రెండు మూడు నెలలాగి అదే ల్యాబులో మళ్లీ చేయిస్తాను, వెంటనే మాత్ర రాయను. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి రెండు రోజుల ముందు ఆపేయండి. దానివల్ల థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి.

మీ విషయం వేరు. గర్భం వస్తే మొదటి మూడు నెలలూ బిడ్డ తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడుతుంది. కాబట్టి యాంటీ టీపీఓ పరీక్ష చేయించి, చిన్న డోసు మాత్ర వేసుకోవడం మంచిది. ఆ పరీక్ష పాజిటివ్ వస్తే మీ శరీరమే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని అర్థం, అప్పుడు మాత్ర ఎక్కువకాలం వాడాల్సి రావచ్చు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఈ హషిమోటో రకం మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. నెగెటివ్ అయితే, కాన్పు అయ్యాక ఆపి చూసే వీలుంటుంది. జీవితాంతమా కాదా అన్న ప్రశ్నకి ఇప్పుడే ఎవరూ జవాబు చెప్పలేరు.

ఇంకోమాట. పెరిగిన బరువంతా థైరాయిడ్ మీద వేయకండి. బాగా ముదిరిన లోపంలో కూడా దానివల్ల పెరిగేది రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువభాగం ఒంట్లో నిలిచిపోయే ఉప్పు, నీరు. 6.8 అంకెకి అంత కూడా ఉండదు.

మాత్ర వేసుకునే తీరు, మండియా జావ. ఇది మీ ఇంటికి సూటిగా తగిలే విషయం. లెవోథైరాక్సిన్, అంటే ఈ థైరాయిడ్ మాత్ర, పొద్దున లేవగానే, పరగడుపున, ఉత్త నీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట వరకూ చాయ్ కూడా తాగకూడదు. ఇనుము, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. చోళ్లలో, అదే మీ అత్తగారి మండియాలో, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. మాత్ర మింగి వెంటనే గ్లాసుడు జావ తాగితే ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. "మేడమ్, డోసు పెంచుతూనే ఉన్నారు, టీఎస్‌హెచ్ దిగట్లేదు" అని వచ్చే వాళ్లని నేను మొదట అడిగేది, మాత్ర తర్వాత ఎంతసేపటికి ఏం తాగుతావు అనే. సగం మందికి సమస్య అక్కడే దొరుకుతుంది. మిగతా సగంలో కొందరు సీసాని పొయ్యి పక్క గూట్లో పెడతారు. వేడికీ వానాకాలం చెమ్మకీ మందు బలం పోతుంది. మంచం దగ్గర నీళ్ల చెంబు పక్కన పెట్టుకోండి, పొద్దున్నే మర్చిపోరు కూడా.

మరి అన్నం మానేయాలా? అక్కర్లేదు. చోళ్లు మంచివే, పీచు ఎక్కువ, ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మిల్లెట్ మిషన్ పెట్టి మరీ పండిస్తోంది. కానీ పిండిపదార్థం లెక్కలో అన్నానికీ చోళ్లకీ తేడా కొంచెమే. పైగా మెత్తగా మరపట్టి, పల్చగా కాచి, బెల్లం వేసి తాగితే ఆ జావ చక్కెరని గబగబా పెంచుతుంది. చోడి ముద్దో రొట్టో చేసుకుని, ఆకుకూర పప్పుతో నమిలి తింటే లాభం. చద్దన్నం, పఖాళం కూడా అంతే. చలవ చేస్తుంది, బాగుంటుంది, నాకూ ఎండాకాలం అది లేకపోతే గడవదు. కానీ పెద్ద గిన్నెడు పఖాళంలో ఉన్నది గిన్నెడు అన్నమే, పులిసిందని లెక్క మాయమవదు.

మార్చాల్సింది కంచంలో వాటాలు. మన దగ్గర ఆడవాళ్ల కంచం నాకు తెలుసు: కొండంత అన్నం, పక్కన కాస్త పప్పునీళ్లు, అప్పడం, బరంపురం పచ్చడి. కూర మగవాళ్లకీ పిల్లలకీ అయిపోయాక మిగిలితే. దీన్ని తిరగేయండి. సగం కూర, పావు వంతు అన్నం, పావు వంతు పప్పో గుడ్డో చేపో. దాల్మా చేసుకుంటారుగా, కందిపప్పూ నాలుగు రకాల కూరలూ కలిసిన వంటకం అది. అన్నం తగ్గించి దాల్మా రెండు గరిటెలు ఎక్కువ వేసుకుంటే పెద్ద డైట్ చార్టులతో పనిలేదు. సాయంత్రం చాయ్‌తో పాటు మరమరాల మిక్చర్, బిస్కెట్లు బదులు ఉడకబెట్టిన శనగలు.

బరువు ఎంత తగ్గాలి? భయపడేంత కాదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం. మీకయితే 3 నుంచి 6 కిలోలు. ఆ మాత్రానికే చాలామందికి నెలసరి దగ్గరపడుతుంది, అండం విడుదల మొదలవుతుంది. వారానికి రెండున్నర గంటల గట్టి నడక, రెండు రోజులు కండరాలకి బరువు తగిలే పని. వంటింటి చాకిరీ నడక కింద రాదా అని అడుగుతారు. అలసట వస్తుంది గానీ గుండె వేగం పెరగదు, అందుకే రాదు. సన్నగా ఉన్నా పీసీఓఎస్ వచ్చేవాళ్లున్నారు. వాళ్లని బరువు తగ్గమనకూడదు, కానీ వ్యాయామం వాళ్లకీ పని చేస్తుంది.

ప్రొలాక్టిన్ కూడా చూడండి. ఇది పాలు పడే హార్మోన్. పెరిగితే నెలసరి ఆగిపోతుంది. మా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చింది, నాలుగు నెలలుగా నెలసరి లేదు, ప్రొలాక్టిన్ బాగా ఎక్కువ, మెదడు స్కాన్‌కి విశాఖ వెళ్లడానికి టికెట్లు కూడా తీసుకున్నారు. సంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టమన్నాను. గ్యాస్ మాత్ర. దాన్లో ఆసిడ్ తగ్గించే మందుతో పాటు లెవోసల్పిరైడ్ కూడా ఉంది. ఏడాదిగా రోజూ వేసుకుంటోంది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని. డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్ రెండూ ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి. అది ఆపించాం, కొన్ని వారాలకి నెలసరి వచ్చింది, ప్రొలాక్టిన్ మామూలైంది. విశాఖ వెళ్లలేదు. మీరు గ్యాస్ మాత్రలు వాడుతుంటే స్ట్రిప్ వెనక ఈ రెండు పేర్లున్నాయేమో చదవండి. థైరాయిడ్ లోపం కూడా దీన్ని కొంచెం పెంచగలదు. కొంచెం ఎక్కువ వస్తే కంగారుపడకుండా, పొద్దున లేచిన రెండు మూడు గంటలకి, నెమ్మదిగా కూర్చున్నాక మళ్లీ రక్తం ఇవ్వాలి.

మందుల మాటొచ్చింది కాబట్టి మొహానికి రాసే క్రీముల గురించి కూడా. గుణుపురం కాలేజీ అమ్మాయి ఒకతె బుగ్గల నిండా నూగుతో వచ్చింది, నెలసరి మాత్రం సరిగ్గానే ఉంది. తెల్లబడటానికని బజారు క్రీము రాస్తోంది, లోపల బీటామెథసోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ రాస్తే ఆ చోట సన్న వెంట్రుకలు పెరుగుతాయి, చర్మం పలచబడి ఎర్రబడుతుంది. ఆమెకి హార్మోన్ జబ్బేమీ లేదు. మోకాళ్ల నొప్పికని ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్లు, లావెక్కడానికని అమ్మే పొట్లాల మాత్రలు కూడా చాలావరకు స్టెరాయిడ్లే, వాటితో బీపీ, షుగర్, మొహం ఉబ్బడం అన్నీ వస్తాయి.

ఇక మీ పిల్స్ ప్రశ్న. పిల్స్ మగ హార్మోన్ని తగ్గించి, నెలనెలా రక్తస్రావం తెప్పిస్తాయి. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లకి మొటిమలు, వెంట్రుకలు, నెలసరి మూడింటికీ మంచి మందు. ఆపిన తర్వాత గర్భం వస్తుంది. ఆపాక నెలసరి మళ్లీ ఆలస్యమైతే అది పాత పీసీఓఎస్సే, పిల్స్ చేసిన చెడు కాదు. బీపీ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులొచ్చి తలనొప్పి వచ్చే మైగ్రేన్ వాళ్లు, 35 దాటి చుట్టో బీడీయో తాగేవాళ్లు మాత్రం వాడకూడదు.

ఒకటి మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ఊరుకోకండి. "రాకపోతే రక్తం మిగులుతుందిలే" అనేవాళ్లున్నారు. లోపల గర్భసంచి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొరలో చెడు మార్పులు, క్యాన్సర్ దాకా రావచ్చు. ముందు గర్భం పరీక్ష చేసుకుని, లేదని తేలాక డాక్టరు చెప్పిన ప్రొజెస్టరాన్ మాత్ర పది రోజులు వాడితే పొర రాలిపోతుంది. పండక్కి నెలసరి వాయిదా వేసుకోవడానికి షాపులో కొనే మాత్రని దీనికి సొంతంగా వాడొద్దు.

గర్భం కోసం ఏం చేయాలి? షుగర్ ముందుదశ తేలితే, లేదా బరువు తగ్గడానికి తోడు కావాలంటే, మెట్‌ఫార్మిన్ ఇస్తాం. 500 మిల్లీగ్రాములతో మొదలు, అన్నం తిన్నాక. మొదటి వారం రెండు వారాలు వికారం, విరేచనాలు ఉండొచ్చు, సర్దుకుంటాయి. ఈ స్ట్రిప్ ఇంట్లో కనబడితే చిన్న గొడవ ఖాయం. మెడికల్ షాపతను "ఇది షుగర్ మాత్రండీ" అంటాడు, అత్తగారు "కోడలికి షుగర్ దాచిపెట్టి పెళ్లి చేశారు" అంటారు. ముందే చెప్పి ఉంచండి: షుగర్ లేనివాళ్లకీ పీసీఓఎస్‌లో ఇది ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్‌లో ఉచితంగా అడగొచ్చు.

అండం విడుదలకి ఇప్పుడు మొదటి మందు లెట్రజోల్. దీన్ని మన దేశంలో 2011లో సంతానలేమికి వాడకుండా నిషేధించారు, 2017లో ఎత్తేశారు. ఆ మధ్యకాలం ప్రభావంతో కొందరు ఇంకా పాత క్లోమిఫెన్‌తోనే మొదలుపెడతారు, అదీ తప్పేం కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు. కొందరికి ఆలస్యమవుతుంది, కొందరికి మందు కావాలి. ఇంట్లో చేసుకునే అండం విడుదల స్ట్రిప్పులు మీరు కొనకండి. పీసీఓఎస్‌లో ఎల్‌హెచ్ హార్మోన్, అంటే ఆ స్ట్రిప్పులు పట్టుకునేది, చాలామందిలో ఎప్పుడూ ఎక్కువగా ఉండటం వల్ల అవి అబద్ధం చెప్పొచ్చు. రెండు మూడు రోజులకోసారి కలవడం చాలు. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

గర్భం వచ్చిందని తెలిసిన వారంలోనే డాక్టరుకి చెప్పండి. థైరాయిడ్ డోసు సాధారణంగా సుమారు పావు వంతు పెంచాల్సి వస్తుంది. షుగర్ పరీక్ష మొదటిసారి వెళ్లినప్పుడూ, ఆరో నెల దగ్గర మళ్లీ. గర్భంలో షుగర్ వచ్చి కాన్పుతో పోయినవాళ్లు ఆరు వారాలకి తప్పకుండా మళ్లీ చేయించుకోవాలి. వాళ్లకి తర్వాత జీవితంలో షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా రెట్లు ఎక్కువ. కానీ బిడ్డ పుట్టాక తల్లి పరీక్ష ఎవరికీ గుర్తుండదు.

ఎప్పుడు ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలో కూడా రాస్తాను. కొన్ని నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగి గొంతు మగగొంతులా మారితే. రొమ్ముల నుంచి పాలు కారుతూ తలనొప్పి, చూపు మసకబారితే. గంటకో ప్యాడ్ తడిసేలా రక్తస్రావమైతే. పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలొచ్చి, కూర్చుంటే లేవలేనంత నీరసమైతే. ఇవి మామూలు పీసీఓఎస్ కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పరీక్షలు: గర్భం పరీక్ష, గ్లూకోజ్ తాగించి షుగర్, ఎఫ్‌టీ4, యాంటీ టీపీఓ, ప్రొలాక్టిన్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్, సికిల్, బీపీ. అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్, ఇన్సులిన్ స్థాయి అని ఖరీదైన ప్యాకేజీలు అంటగడితే మీకు ఇప్పుడు అవసరం లేదు. స్కాన్ మళ్లీ వద్దు. మాత్ర మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. అంతకంటే ముందు చేయిస్తే ఆ అంకెకి అర్థం లేదు.

మీ ప్రశ్న మొత్తంలో మీ ఆయన ఊసు ఒక్కచోటా లేదు. రాయగడ, విశాఖ తిరిగిందీ, రక్తం ఇచ్చిందీ, అన్నం మానేయమనిపించుకుందీ మీరే. ఆయన వీర్య పరీక్ష ఒక్కపూట పని, వందల రూపాయల్లో అయిపోతుంది. రెండు నుంచి ఏడు రోజుల ఎడం పాటించి ఇవ్వాలి, శాంపిల్ గంటలోపు ల్యాబుకి చేరాలి, అందుకే ఊరి నుంచి తీసుకెళ్లకుండా ల్యాబు దగ్గరే ఇవ్వడం మేలు. లెట్రజోల్ మొదటి మాత్ర మీరు మింగే ముందే ఆ రిపోర్టు చేతిలో ఉండాలి. నా దగ్గరికి వచ్చే జంటలకి అది లేకుండా నేను మందు రాయను.